తుప్పు బతికుందా, చచ్చిందా?

పుదుచ్చేరి బీచ్ రోడ్డుకు నాలుగు వీధుల వెనక, ఓ పాత ఇంటి వరండా పక్కన 1960ల నాటి ఫియట్ 1100 ఉందనుకుందాం. తాతగారి బండి. బానెట్ మీద నీలం వెలిసిపోయి, చేత్తో రాస్తే సుద్దపొడిలా వేలికి అంటుకుంటోంది. ఏళ్ళ తరబడి డ్రైవరు మోచేయి ఆనిన తలుపు అంచున రంగు అరిగి బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. చక్రాల పైనున్న రేకు అంచుల్లో రంగు బుడగలు లేచి, వాటి సందుల్లోంచి ఎర్రటి తుప్పు కనిపిస్తోంది. టింకరింగ్ షాపాయన చూసి, "మొత్తం గీకించేసి డ్యూకో కొట్టిద్దాం సార్, షోరూం బండిలా అప్పజెప్తా" అంటాడు. పాత కార్ల పిచ్చి ఉన్న మిత్రుడేమో, "చచ్చినా ముట్టుకోవద్దు, ఆ వయసే దాని అందం" అంటాడు.

ఇద్దరూ బండిని మొత్తంగా ఒకే వస్తువులా చూస్తున్నారు. రసాయన శాస్త్రం అలా చూడదు. బానెట్ మీది వెలిసిన నీలం, తలుపు అంచున అరుగుదల, చక్రాల పైన తుప్పు: మూడూ మూడు వేరు వేరు సంగతులు. మొదటి రెండిట్లో జరగాల్సింది జరిగిపోయింది. మూడోది ఇంకా జరుగుతోంది. రంగు వేయాలా వద్దా అన్నదానికి జవాబు ఈ తేడాలోనే ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో ఆ తేడా మరీ ముఖ్యం.

ఎడారి నుంచి వచ్చిన మోజు

పాత రంగును, గీతలను, పైపై తుప్పును సైతం అలాగే ఉంచి బండి నడపడం అమెరికాలో హాట్ రాడ్ల లోకంలో బాగా పెరిగిన మోజు. హాట్ రాడ్ అంటే పాత కారును విప్పి, బరువు తగ్గించి, బలమైన ఇంజన్ బిగించి వేగం కోసం మార్చుకున్న బండి. 1932లో ఫోర్డ్ తెచ్చిన వీ8 ఇంజన్ కారు ఈ విద్యకు ముఖ్యమైన ముడిసరుకు. దక్షిణ కాలిఫోర్నియాలో మురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద కుర్రాళ్ళు వీటిని పందేలకు దించేవారు. అక్కడి గాలిలో తేమ తక్కువ. పొలంలో దశాబ్దాలు వదిలేసిన కారుకు కూడా పైన పల్చటి గోధుమరంగు తుప్పు పడుతుందే గానీ, కింది రేకు గట్టిగానే ఉంటుంది. ఆ తుప్పును చూసి ముచ్చటపడటం వాళ్ళకు ప్రమాదం కాదు.

తర్వాత ఈ చూపు ఖరీదైన కార్ల సేకర్తలకూ పాకింది. కాలిఫోర్నియాలో జరిగే పెబుల్ బీచ్ ప్రదర్శన, తళతళలాడే పునరుద్ధరణలకు పేరుపడ్డ వేదిక, అసలు స్థితిలో మిగిలిన కార్లకు ప్రత్యేక విభాగం పెట్టింది. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో రోజే బాయోం అనే రవాణా వ్యాపారి సేకరించిన కార్లు వేలానికి వచ్చాయి. ఫ్రాన్స్ పశ్చిమాన ఓ ఎస్టేటు షెడ్లలో అవి ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. వాటిని దుమ్ముతోనే ప్రదర్శించారు. అందులోని ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ 1.6 కోట్ల యూరోలకు పైగా పలికింది. ప్రపంచ పాత వాహనాల సమాఖ్య ఫీవా తెచ్చిన టురిన్ చార్టర్ కూడా పరిరక్షణకే పెద్దపీట వేసింది: ఉన్నదాన్ని కాపాడటం ముందు, తప్పనప్పుడే పునరుద్ధరణ, చేసిన ప్రతి మార్పుకూ రికార్డు.

ఇంతవరకూ సబబే. కానీ ఆ ఎడారి మోజును అచ్చంగా బంగాళాఖాతం ఒడ్డుకు తెచ్చుకుంటే కుదరదు.

ఉప్పు గాలి చేసే పని

ఇనుము తుప్పు పట్టడం అంటే చిన్న బ్యాటరీ పనిచేయడమే. రేకు మీద తేమ చుక్క ఉంటే, దాని కింద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతుంది. ఇంకోచోట, గాలి బాగా అందే అంచున, ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. రెండు చోట్ల నుంచీ వచ్చినవి కలిసి, ఆక్సిజన్‌తో మళ్ళీ చర్య జరిగి, మనం చూసే ఎర్రటి తుప్పు తయారవుతుంది. ఈ బ్యాటరీ నడవాలంటే మధ్యలో విద్యుత్తును మోసే ద్రవం కావాలి. మంచినీరు ఆ పని నీరసంగా చేస్తుంది. ఉప్పునీరు చురుగ్గా చేస్తుంది.

ఉప్పు చేసే రెండో పని మరీ మోసకారిది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తనే తేమ పీల్చుకుని ద్రవమైపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. పుదుచ్చేరిలో గాలి అంతకన్నా పొడిబారేది చాలా అరుదు. అంటే ఉప్పు పడిన రేకు చేతికి పొడిగా తగిలినా, సూక్ష్మస్థాయిలో తడిగానే ఉంటుంది. వాన వెలిసినా, ఎండ కాసినా బ్యాటరీ ఆగదు.

మూడోది, క్లోరైడు తుప్పు లోపలే కాపురం పెడుతుంది. తుప్పు ఒకే పదార్థం కాదు. పొడి, శుభ్రమైన గాలిలో కాలం గడిచేకొద్దీ గోథైట్ అనే నిలకడైన రూపం పెరుగుతుంది. ఉప్పు గాలిలో అకగనైట్ అనే రూపం పుడుతుంది. దాని స్ఫటికాల్లోని సన్నటి సొరంగాల్లో క్లోరైడు అయాన్లు ఇరుక్కుని ఉంటాయి. పై తుప్పు గీకి రంగు కొట్టేసినా, గుంటల అడుగున మిగిలిన ఆ క్లోరైడు కొత్త రంగు కింద మళ్ళీ పని మొదలుపెడుతుంది. పెయింట్ చేయించిన ఆరు నెలలకే అదే చోట బుడగలు రావడానికి చాలాసార్లు కారణం ఇదే. తుప్పు తను పుట్టిన ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి రంగు లేవక తప్పదు.

ఈ వేగాన్ని కొలవడానికి ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. వాతావరణాన్ని సీ1 నుంచి సీఎక్స్ దాకా తరగతులు చేస్తుంది. పొడి గ్రామీణ ప్రాంతం వంటి సీ2లో పూత లేని ఉక్కు మొదటి ఏడాదిలో 25 మైక్రాన్ల లోపే తరుగుతుంది. ఘాటైన సముద్రతీరం వంటి సీ5లో 80 నుంచి 200 మైక్రాన్లు. పాత కారు రేకు మందం సుమారు 1 మిల్లీమీటరు, అంటే 1000 మైక్రాన్లు. లెక్క ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఈ పరిశోధనకు పెద్ద కేంద్రం పుదుచ్చేరికి దక్షిణాన కారైక్కుడిలో ఉంది: 1953లో మొదలైన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ, సెక్రి. మండపం లాంటి తీరప్రాంతాల్లో లోహపు పలకలను ఆరుబయట ఉంచి, ఎంత తరిగాయో తూచడం వారి పనుల్లో ఒకటి.

ఇక్కడ ఒక ఊరట ఉంది. గాలిలోని ఉప్పు తీరం నుంచి లోపలికి వెళ్ళేకొద్దీ, మొదటి కొన్ని వందల మీటర్లలోనే బాగా తగ్గుతుంది. బీచ్ రోడ్డు మీద నిలిపే బండికీ, లోతట్టున విలియనూరులో నిలిపే బండికీ రాత ఒకటి కాదు.

కాపాడే పొర, కొరికే పొర

లోహం మీద ఏర్పడే ప్రతి పొరా శత్రువు కాదు. ఢిల్లీ ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్ళుగా ఆరుబయట నిలబడి ఉంది. ఐఐటీ కాన్పూరుకు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం దీని రహస్యాన్ని వివరించారు. ఆ ఇనుములో భాస్వరం సుమారు 0.25 శాతం, ఇప్పటి ఉక్కులో కన్నా చాలా ఎక్కువ. దానివల్ల లోహానికీ తుప్పుకూ మధ్య ఇనుప ఫాస్ఫేటు పొర ఏర్పడి, తేమనూ ఆక్సిజన్‌నూ అడ్డుకుంది. ఢిల్లీ పొడి వాతావరణం దానికి తోడైంది. కారు రేకులో అంత భాస్వరం ఉండదు. దాని తుప్పు సందులు సందులుగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది.

రాగి కథ ఇంకా ఆసక్తికరం. ఫ్రాన్స్ కానుకగా ఇచ్చిన న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమకు 1886లో ఆవిష్కరించినప్పుడు రాగిరంగే ఉండేది. దాని రాగి రేకు మందం సుమారు 2.4 మిల్లీమీటర్లు. ఇరవై ఏళ్ళకు పచ్చటి చిలుము కమ్ముకుంటుంటే, 1906లో రంగు వేయించాలన్న ఆలోచన వచ్చింది. జనం ఒప్పుకోలేదు. ఆ చిలుము రాగిని కాపాడుతోందని ఇంజనీర్లూ తేల్చారు. తీరా 1980ల్లో విగ్రహం లోపలికి వెళ్ళి చూస్తే, పైన చిలుము భద్రంగా ఉంది గానీ, రాగి రేకును మోసే ఇనుప పట్టీలు తుప్పు పట్టి ఉబ్బిపోయాయి. రెంటి మధ్య పెట్టిన ఇన్సులేషన్ పాడవడంతో, సముద్రపు తేమలో రాగి, ఇనుము కలిసి బ్యాటరీ అయ్యాయి, ఇనుము బలైంది. 1984-86 మరమ్మతుల్లో పైపొర జోలికి పోకుండా, లోపలి పట్టీలను స్టెయిన్‌లెస్ స్టీలుతో మార్చారు. చర్మం పాతది, ఎముకలు కొత్తవి. మన ఫియట్‌కు కావలసిన వైద్యం దాదాపు అదే.

రంగులో దాగిన కాలం

పాత రంగును కాపాడమనడం ఎందుకు? అది మళ్ళీ దొరకదు కాబట్టి. 1920ల ముందు కార్లకు బ్రష్షుతో వేసే వార్నిష్ పూతలు ఆరడానికి వారాలు పట్టేవి. కార్ఖానాలు అక్కడే ఆగిపోయేవి. 1923లో అమెరికా కంపెనీ డ్యూపాంట్ నైట్రోసెల్యులోజ్‌తో డ్యూకో అనే లాకర్ తెచ్చింది. స్ప్రే చేస్తే గంటల్లో ఆరేది. మన వర్క్‌షాపుల్లో ఏ స్ప్రే పెయింటునైనా ఇప్పటికీ డ్యూకో అనడం ఆ కాలపు మిగులే. ఈ లాకర్ ద్రావకం ఆవిరైపోయి ఆరుతుంది. రసాయనికంగా గట్టిపడదు. అందుకే ఎన్నేళ్ళయినా థిన్నర్ తగిలితే కరుగుతుంది. ఇప్పటి రెండు భాగాల పాలీయురేథేన్ పెయింట్ హార్డెనర్‌తో కలిసి వలలా అల్లుకుపోతుంది. దాని మెరుపు వేరు, లోతు వేరు. అరవై ఏళ్ళనాటి కారు మీద అది కొట్టిస్తే అందంగానే ఉంటుంది, కానీ ఆ కారు ఫ్యాక్టరీ నుంచి అలా రాలేదు.

వెలవడం కూడా రసాయన చర్యే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే జిగురును ముక్కలు చేస్తాయి. పట్టు తప్పిన రంగుపొడి పైకి తేలుతుంది. వేలికి అంటిన నీలం అదే. అయితే ఇది పైన కొన్ని మైక్రాన్లకే పరిమితం. మెత్తటి పాలిష్‌తో తేలిగ్గా రుద్దితే, చచ్చిన పొర పోయి కింద అసలు నీలం కనిపిస్తుంది. అసలు పదార్థానికి ఉన్న ఈ విలువ పుదుచ్చేరి వాళ్ళకు కొత్త కాదు. మేరీ అనే 19వ శతాబ్దపు పురపాలక భవనం 2014 నవంబరు వానల్లో కూలిపోతే, అదే రూపంలో కొత్తగా కట్టారు. చూడముచ్చటగా ఉంది. కానీ పాత గోడలోని సున్నం, ఇటుక, తాపీవాళ్ళ చేతి ఆనవాళ్ళు తిరిగి రాలేదు. రూపం తేగలం, పదార్థం తేలేం.

బండి చుట్టూ ఒకసారి

ఇక ఫియట్ దగ్గరికి వద్దాం. కావలసినవి నాలుగే: గుడ్డ చుట్టిన అయస్కాంతం, కాస్త థిన్నర్, నీటితో రుద్దే సన్నటి ఎమరీ కాగితం, ఒక మొద్దు స్క్రూడ్రైవర్.

అయస్కాంతాన్ని రేకు మీద మెల్లగా నడిపించాలి. గట్టిగా పట్టుకున్న చోట రంగు పల్చన, కింద రేకు ఉంది. పట్టు జారిన చోట కింద పుట్టీ మందంగా ఉంది, అంటే పాత మరమ్మతు. తర్వాత డిక్కీ మూత లోపలి అంచున, ఎవరికీ కనిపించని చోట, తెల్ల గుడ్డకు థిన్నర్ చుక్క అద్ది రుద్దాలి. గుడ్డకు నీలం దిగితే లాకర్, ఫ్యాక్టరీది కావచ్చు. దిగకపోతే తర్వాత ఎప్పుడో కొట్టిన ఎనామిల్ లేదా కొత్త పెయింట్.

అదే చోట తడి ఎమరీతో రూపాయి బిళ్ళంత మేర నెమ్మదిగా అరగదీస్తే, ఒక్కో పొరా వలయాలుగా బయటపడుతుంది: పైన నీలం, దాని కింద సన్నటి తెలుపు, ఆ కింద ఇంకో నీలం, తర్వాత ప్రైమర్, మధ్యలో మెరిసే ఉక్కు. మ్యూజియం నిపుణులు గోడల మీద, బొమ్మల మీద వాడే పద్ధతే ఇది. కాపాడాలనుకున్న పాత రంగు తాతగారి కాలానిదా, 1985లో ఎవరో కొట్టించినదా అన్నది ఈ వలయాలు చెబుతాయి. పొడిగా మాత్రం రుద్దకూడదు. ఆ కాలపు ఎర్ర ప్రైమర్లలో, పసుపు రంగుల్లో సీసం ఉండేది. ఆ దుమ్ము పిల్లలకు విషం.

చివరగా స్క్రూడ్రైవర్‌తో కింద పడుకుని చూడాలి. తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టె లాంటి సిల్, ఫుట్‌బోర్డు రేకు, మడ్‌గార్డు లోపల, జాక్ పెట్టే చోటు. తట్టితే కంగుమనాలి. మెత్తగా మోగినా, మొన దిగబడినా ఆ లోహం పోయినట్టే. వాన నేరుగా తగిలే టాప్ మీద ఉప్పు కొట్టుకుపోతుంది. వాన తగలని మడతల్లో పేరుకుపోతుంది. అందుకే పైన మెరిసే బండి కింద గుల్లబారడం తీరంలో మామూలు. ఫియట్ 1100, అంబాసిడర్ లాంటి బండ్లకు విడిగా చాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. సిల్ పోతే బండి బలం పోయినట్టు. చెన్నైలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మాత్రం చాసిస్ వేరు, బాడీ ముక్కలు బోల్టులతో బిగించినవి. దాన్ని విప్పి బాగుచేయడం కొంత తేలిక.

ఆపే మార్గాలు

వెలిసిన రంగుకు: మంచినీటితో కడగడం, తేలికపాటి పాలిష్, మైనం. మైనం ఎప్పుడైనా తీసేయొచ్చు, అదే దాని గొప్ప. పుదుచ్చేరిలో బోరునీళ్ళు ఉప్పగా ఉన్నచోట వాటితో కడిగితే కడగనట్టే లెక్క. టార్పాలిన్ కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది. గాలి ఆడే గుడ్డ కవరు మేలు.

పైపై తుప్పుకు: ముందు మంచినీటితో పదేపదే కడిగి క్లోరైడును వీలైనంత తీయాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాతే మందు. ఒక రకం మందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. ఢిల్లీ స్తంభాన్ని కాపాడిన కుటుంబమే అది. ఇంకో రకంలో టానిన్ ఉంటుంది. ఇనుముతో కలిసి నీలినలుపు ఐరన్ టానేట్ అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు ఈ చర్య తరతరాలుగా తెలుసు. కరక్కాయ, పాలల్లో నానబెట్టిన గుడ్డ మీద, ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీటితో గీత గీస్తే, కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి చెరగని నలుపవుతుంది. రేకు మీద మందు పూస్తే ఎర్ర తుప్పు నల్లబడేదీ అందుకే. అయితే ఇది పల్చటి తుప్పుకే. పొరలు పొరలుగా లేచిన తుప్పు అడుగుదాకా ఏ మందూ పోదు.

చేయకూడని పని ఒకటుంది. తుప్పు అందంగా ఉందని దాని మీద పారదర్శక క్లియర్ కోట్ కొట్టించడం. ఎడారిలో అది నిలుస్తుందేమో. ఇక్కడ కింద చిక్కుకున్న ఉప్పు ఆ పూతను పైకి లేపుతుంది, తర్వాత తీయాలంటే అసలు రంగు కూడా ఊడివస్తుంది.

గుల్లబారిన లోహానికి: కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, ప్రైమర్ వేసి, డొల్ల భాగాల్లోకి మైనం పట్టించి, తలుపుల కింది నీరు పోయే రంధ్రాలు తెరవాలి. ఇక్కడ రాజీ లేదు. ఆ మేరకు రంగు వేయక తప్పదు, ఆ మేరకే వేయాలి. హార్డెనర్ కలిపే పెయింట్‌లోని ఐసోసయనేట్లు ఆస్తమా తెప్పించగలవు. ముక్కుకు రుమాలు కట్టుకుని స్ప్రే చేసే అలవాటు మానాలి.

మొత్తం రంగు ఎప్పుడు?

అసలు రంగు ఎప్పుడో పోయి, పైనున్నది నాలుగోసారి కొట్టిన పూతయితే, దాన్ని పూజించడంలో అర్థం లేదు. బండికి మెరుపే ప్రాణమైన సందర్భాలూ ఉంటాయి. నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించమన్న, ఆయన చూడకుండానే కన్నుమూసిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగులో మెరుస్తోంది. కొలువు తీరి ఊరేగడానికి చేసిన బండి అది. పుదుచ్చేరి మ్యూజియంలో పాత పల్లకీల సరసన ఉన్న పూస్ పూస్, మనిషి వెనక నుంచి తోస్తే కూర్చున్నవారు ముందు కర్రతో దారి మళ్ళించే ఆ బండి, దానికి పూర్తి వ్యతిరేకం. దాన్ని కొత్తగా రంగేసి మెరిపిస్తే, తోసిన చేతుల ఆనవాలే చెరిగిపోతుంది.

చట్టం సంగతీ చూసుకోవాలి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరగడానికి మాత్రం వీలుండదు. హాట్ రాడ్‌గా మార్చిన బండికి ఆ దారి మూసుకుపోతుంది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మౌలికంగా మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రంగు మారిస్తే ఆర్‌సీలో మార్పించుకోవాలి.

టింకరింగ్ షాపాయనకూ, మిత్రుడికీ మధ్య తీర్పు చెప్పడానికి పుదుచ్చేరిలో మంచి పరీక్ష ఉంది. ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఊరికి ఏడాది వానలో ఎక్కువ భాగం తెస్తుంది. సెప్టెంబరులో బండిని మంచినీటితో కడిగి, ఆరాక, తుప్పు ఉన్న ప్రతిచోటా దాని అంచు వెంబడి మెత్తటి పెన్సిలుతో గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. జనవరిలో అవే ఫొటోలు మళ్ళీ తీసి పోల్చండి. తుప్పు గీత దాటని చోట మైనం రుద్ది వదిలేయండి, అక్కడ మిత్రుడు చెప్పిందే నిజం. దాటిన చోట పల్చటి తుప్పయితే మందు పూసి, గుల్లబారితే రేకు కోయించి, రంగు వేయించండి, అక్కడ షాపాయన చెప్పిందే నిజం. మొత్తం బండికి ఒకే తీర్పు అడగడం మానేస్తే, ఇద్దరితోనూ తగాదా ఉండదు.